ఒకటో స్థానం దక్కని పాట అతి పెద్ద హిట్ అవుతుందా? ‘మిస్టర్ బ్రైట్‌సైడ్’ మీద చర్చ

సముద్రపుగాలి

నాలుగు రోజులుగా ఒక మిత్రుడితో వాదిస్తున్నాను. ఎటూ తేలడం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ద కిల్లర్స్ అమెరికాలోని లాస్ వేగాస్‌లో పుట్టిన రాక్ బృందం. వారి ‘మిస్టర్ బ్రైట్‌సైడ్’ 2004లో బ్రిటన్ సింగిల్స్ చార్టులో, అంటే విడిగా విడుదలయ్యే ఒక్కో పాటకు స్థానాలిచ్చే వారపు పట్టికలో, 10వ స్థానానికి చేరింది. ఆ తర్వాత ఇంకొక్క మెట్టు కూడా ఎక్కలేదు. మరుసటి ఏడాది జూన్‌లో అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లోనూ 10వ స్థానం దగ్గరే ఆగిపోయింది. రెండు దేశాల్లోనూ తొమ్మిది పాటలు దీనికంటే ముందున్నాయి.

ఇరవై ఏళ్లు గడిచాయి. 2024 మే నెలలో బ్రిటన్ అధికారిక చార్టుల సంస్థ ఒక ప్రకటన చేసింది. ఒకటో స్థానానికి ఎన్నడూ చేరని పాటలన్నిటిలోకీ పెద్దది ఇదేనని చెప్పింది. అమ్మకాలు, స్ట్రీమింగ్ (ఇంటర్నెట్‌లో వినడం) కలిపితే 55.7 లక్షల యూనిట్లు. అంతవరకు ఆ పేరు బ్రిటన్ రాక్ బృందం ఒయాసిస్ వారి ‘వండర్‌వాల్’ది. టాప్ 100లో ఈ పాట గడిపిన వారాలు అప్పటికే 400 దాటాయి. విడతలు విడతలుగా గడిపినవే అయినా, అన్నీ కలిపితే ఏడున్నర ఏళ్లకు పైమాట.

నా వాదన ఇది. ఒకటో స్థానానికి వెళ్లి నెల తిరగకుండా మాయమైన పాటల కంటే ఈ పాట సాధించిన విజయం పెద్దది. చార్టు విజయం అంటే మనం ఎంత ఎత్తుకు ఎక్కిందనే చూస్తున్నాం. ఎంతకాలం నిలిచిందో కూడా లెక్కపెట్టాలి. ఒప్పుకోనివారు కారణం చెప్పండి, వింటాను.

లెక్కలవాడు

నేను ఒప్పుకోను. పాట నాకు ఇష్టమే, అయినా ఒప్పుకోను.

ముందుగా ఆ 55.7 లక్షలు ప్రతులు కావు. బ్రిటన్ చార్టులో స్ట్రీమింగ్ 2014 జూలైలో చేరింది. నూరుసార్లు వింటే ఒక అమ్మకం అన్నారు. 2017లో దాన్ని నూటయాభై చేశారు. 2018 నుంచి చందా కట్టి వినేవారికి నూరు, ఉచితంగా వినేవారికి ఆరువందలు. ఒకే పాట బరువును తూచడానికి పదేళ్లలో ఇన్నిసార్లు తూనికరాళ్లు మార్చారు.

నా అసలు అభ్యంతరం మరొకటి. 1984లో ఒక కుర్రవాడు రికార్డు కొని, అది గీతలు పడి పాడయ్యేవరకు వెయ్యిసార్లు విన్నాడనుకుందాం. లెక్కలో ఒక్కటే. ఈరోజు మరొకరు ఫోనులో వెయ్యిసార్లు వింటే లెక్కలో పది. ఇష్టం ఇద్దరిదీ సమానమే. మరి ఈ రెండు కాలాల పాటలను ఒకే పట్టికలో పెట్టి ఇది పెద్దది, అది చిన్నది అని ఎలా తేలుస్తారు?

వారపు చార్టు ఒక పరుగుపందెం. ఆ వారం అందరూ ఒకే గీత దగ్గర నిలబడి పరుగెత్తుతారు, అందరికీ ఒకే నిబంధన. అందులో పదోవాడు పదోవాడే. ఇరవై ఏళ్లపాటు నడుస్తూనే ఉన్నాడు కదా, అందుకని మొదటి బహుమతి ఇవ్వండి అంటే, అప్పుడు గెలిచినవారికి అన్యాయం చేసినట్టు.

పాతరేడియో

లెక్కలవాడు గారూ, ఈ తగువు మనకు కొత్తది కాదు. సినిమా గొప్పతనాన్ని మనవాళ్లు ఏళ్ల తరబడి రోజుల్లో కొలిచారు. యాభై రోజులు, శతదినోత్సవం, రజతోత్సవం. ఇప్పుడు మొదటి మూడు రోజుల వసూళ్లతో పోస్టర్లు వేస్తున్నారు. రెండూ విజయాలే. అయితే మొదటి మూడు రోజుల్లో కనిపించేది ఎదురుచూపు, వందో రోజున కనిపించేది ఇష్టం. సినిమా చూసి బయటికి వచ్చినవాడు ఇంకొకరికి చెబితేనే కదా వందో రోజు వచ్చేది!

పరుగుపందెం అన్నారు కాబట్టి ఆ పందెం ఎంత పలుచగా నడిచిందో కూడా చెప్పుకోవాలి. 2004, 2005 ప్రాంతంలో బ్రిటన్‌లో సింగిల్ డిస్కులు కొనేవారు బాగా తగ్గిపోయారు. 2006లో ఆర్సన్ అనే బృందం 18 వేల లోపు అమ్మకాలతో ఒకటో స్థానం అందుకుంది. మన జిల్లా కేంద్రాల్లో ఒక రాజకీయ సభకు అంతకంటే ఎక్కువమంది వస్తారు. అలాంటి కాలంలో 1కి, 10కి మధ్య దూరం ఎంతని? ఆ అంకెల మీద ఇరవై ఏళ్ల తీర్పు నిలబెడతామా?

శ్రావణమేఘం

ఆ సంవత్సరం గురించే మరో సంగతి. సింగిల్ 2004 మే చివరలో వచ్చింది. వారి మొదటి ఆల్బమ్ ‘హాట్ ఫస్’ జూన్ మొదట్లో వచ్చింది. మధ్యలో గడువు రెండే వారాలు. చేతిలో డబ్బు ఉన్న రాక్ అభిమాని ఏం చేస్తాడు? ఒక్క పాటకు డబ్బు పెట్టకుండా రెండు వారాలు ఆగి ఆల్బమే కొంటాడు. ఆ ఆల్బమ్ 2005 జనవరిలో బ్రిటన్ ఆల్బమ్ చార్టులో ఒకటో స్థానానికి చేరింది. ఆ తర్వాత వచ్చిన వారి స్టూడియో ఆల్బమ్‌లు కూడా అన్నీ ఒకటో స్థానం చూశాయి. సింగిల్ మాత్రం ఒక్కటీ చూడలేదు! ‘వెన్ యూ వర్ యంగ్’ 2 దాకా వెళ్లింది. ‘సమ్‌బడీ టోల్డ్ మీ’, ‘హ్యూమన్’ 3 దగ్గర ఆగాయి.

ఈ బృందం మీది ఇష్టం ఆల్బమ్‌ల చార్టులో పూర్తిగా కనిపించింది, సింగిల్స్ చార్టులో సగమే కనిపించింది. రాక్ బృందాలన్నిటికీ ఉన్న చిక్కే ఇది. పాటకు లోపం అంటగట్టేముందు, ఏ కొలబద్దతో కొలుస్తున్నామో చూడాలి.

లెక్కలవాడు

శ్రావణమేఘం గారు చెప్పింది న్యాయంగా ఉంది. ఆల్బమ్ సంగతి నేను ఆలోచించలేదు.

అయితే పాతరేడియో గారూ, ఒకటో స్థానం మరీ అంత చవకైనది కాదు. 2009 క్రిస్మస్ గుర్తు చేసుకోండి. బ్రిటన్‌లో క్రిస్మస్ వారం ఒకటో స్థానానికి పెద్ద గౌరవం ఉంది. నాలుగేళ్లుగా ఆ చోటు ‘ఎక్స్ ఫ్యాక్టర్’ టీవీ పోటీ విజేతలకే రాసిపెట్టినట్టు నడిచింది. దానికి విసిగిన ఒక భార్యాభర్తల జంట ఫేస్‌బుక్‌లో ప్రచారం మొదలుపెట్టింది. రేజ్ అగెన్స్ట్ ద మెషీన్ బృందం పాత పాటను అందరం ఒకే వారంలో కొందామని పిలుపునిచ్చింది. అది 1993లో 25వ స్థానం దాటని పాట. ఆ వారం 5 లక్షలకు పైగా డౌన్‌లోడ్‌లు అమ్ముడై ఒకటో స్థానంలో నిలిచింది. పోటీ విజేత జో మెకెల్డెరీ పాట సుమారు నాలుగున్నర లక్షలతో రెండోది అయింది.

ఆ 5 లక్షల మందీ జేబులోంచి డబ్బు తీశారు, ఫలానా వారంలోనే తీశారు, ఒక ఉద్దేశంతో తీశారు. నేపథ్యంలో మోగుతుంటే చెవిలో పడటానికీ దీనికీ పోలికే లేదు. శిఖరానికి ఉన్న విలువ అదే. ఒక సమాజం ఒక్క క్షణంలో ఒకే మాట చెప్పడం.

నాలుగుతీగలు

మీరంతా అంకెల్లోనే ఉన్నారు. నేను బేస్ గిటారు వాయిస్తాను. ఈ పాట ఎందుకు చావలేదో పాటలోంచే చెబుతాను.

2001లో డేవ్ క్యూనింగ్ అనే గిటారిస్టు తోటి సంగీతకారులు కావాలని లాస్ వేగాస్ పత్రికలో ప్రకటన ఇచ్చాడు. దానికి స్పందించి వచ్చినవాడు గాయకుడు బ్రాండన్ ఫ్లవర్స్. ఈ పాటలోని గిటారు వరస అప్పటికే క్యూనింగ్ దగ్గరుంది. వినండి. పై స్వరాలు అలాగే మోగుతూ ఉంటాయి, అడుగు స్వరం మాత్రం అర మెట్టు దిగుతుంది. ఒక మనిషి పైకి నవ్వుతూ నిలబడ్డాడు, కాళ్ల కింద నేల జరుగుతోంది. కథ కూడా అదే. తనకు ద్రోహం చేసిన ప్రియురాలి గురించి ఫ్లవర్స్ రాసుకున్న పాట ఇది. లాస్ వేగాస్‌లోని క్రౌన్ అండ్ యాంకర్ అనే పబ్బులో ఆమెను మరొకరితో చూశాడు.

చరణం మొత్తం దాదాపు ఒకే స్వరం మీద నడుస్తుంది. గొంతు ఉన్నవాడూ లేనివాడూ పాడగలిగింది అందుకే. అనుమానం పట్టుకున్న మనిషి మనసు కూడా అలాగే ఒకే చోట తిరుగుతుంది కదా. ఆ తర్వాత పల్లవి దగ్గర గొంతు ఒక్కసారిగా పైకి లేస్తుంది.

ఇక రెండో చరణం. అసలు రెండో చరణమే లేదు! మొదటిదాన్నే అక్షరం మారకుండా మళ్లీ పాడతాడు. మన సినిమా పాటల్లో ఇలా చేస్తే కవికి బద్ధకమని తిడతారు. ఇక్కడ మాత్రం అదే కుదిరింది. అసూయ పట్టినవాడికి చెప్పుకోవడానికి రెండో కథ ఉండదు, అదే దృశ్యం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వేలమంది కలిసి పాడటానికి కూడా అది వరమైంది. ఒక్క చరణం వస్తే పాటంతా వచ్చినట్టే.

2003 సెప్టెంబరులో ఒక చిన్న సంస్థ ఈ పాటను మొదటిసారి బ్రిటన్‌లో విడుదల చేసినప్పుడు వేసినవి 500 ప్రతులు. ఐదువందలు! అక్కడ మొదలైన పాట ఇది. మొదట ఏదో హడావుడిగా చేసుకున్న నమూనా రికార్డింగునే దాదాపుగా అలాగే ఆల్బమ్‌లో పెట్టారు. మెరుగులు దిద్దబోయి పాడుచేయలేదు. వారికి ఎంత రుణపడినా తీరదు.

మంచుదారి

నేను ఆరేళ్లుగా లీడ్స్‌లో ఉంటున్నాను. ఇక్కడ పెళ్లి విందుకు వెళ్తే రాత్రి పదకొండు దాటాక ఈ పాట వస్తుంది. విద్యార్థుల క్లబ్బులో చివరి పాట ఇదే. మొదటిసారి చూసినప్పుడు నిజంగా ఆశ్చర్యపోయాను. అమ్మమ్మ వయసు ఆమె, పక్కన ఈ పాట పుట్టాక పుట్టిన మనవడు. ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని గొంతు చించుకుని పాడుతున్నారు. ఒక్క మాట తప్పలేదు.

2024 జూలై 10 రాత్రి మరో సంగతి జరిగింది. యూరో ఫుట్‌బాల్ సెమీఫైనల్లో ఇంగ్లండ్, నెదర్లాండ్స్ ఆడుతున్నాయి. అదే సమయంలో లండన్ ఓ2 అరీనాలో ద కిల్లర్స్ కచేరీ. మ్యాచ్ ముగింపు క్షణాలను వేదిక మీది తెరపై చూపించారు. ఇంగ్లండ్ 2–1తో గెలిచి విజిల్ మోగిన మరుక్షణం బృందం ఈ పాట అందుకుంది. ఆ వీడియో చూడండి. ఒక అమెరికన్ బృందం పాటను ఒక దేశం తన సొంతం చేసుకోవడం ఎలా ఉంటుందో కనిపిస్తుంది.

అయినా నేను పూర్తిగా సముద్రపుగాలి గారి పక్షం కాదు. ఇక్కడ ఈ పాట ఇప్పుడు ఒక ఆచారం. మన పెళ్లిలో తాళి కట్టే వేళకు గట్టిమేళం మోగుతుంది. ఎవరూ అడగరు, ఎవరూ ఎంచుకోరు. అది లేకపోతే మాత్రం పెళ్లి జరిగినట్టు ఉండదు. ఆచారంగా మారినదాన్ని హిట్ అనవచ్చా? నాకు ఆ మాట చిన్నదిగా అనిపిస్తోంది. చార్టు అనేది కొత్తగా ఏం నచ్చిందో చెప్పడానికి పెట్టినది. ఈ పాట ఆ ప్రశ్నను ఎప్పుడో దాటిపోయింది.

లెక్కలవాడు

మంచుదారి గారి మాట నన్ను ఆలోచింపజేసింది. నేను చెప్పని నిబంధన ఒకటుంది. నా వాదనకు అది ఎదురు నిలుస్తుంది కాబట్టి నేనే చెప్పడం ధర్మం.

2017 జూలైలో బ్రిటన్ చార్టు నిర్వాహకులు ఒక మార్పు చేశారు. కొత్త పాటలకు చోటు దొరకాలని పాత పాటల స్ట్రీమ్‌ల విలువను సగానికి తగ్గించారు. ఇప్పటి లెక్కలో చందా కట్టినవారు కొత్త పాటను నూరుసార్లు వింటే ఒక అమ్మకం, పాత పాటనైతే రెండువందలసార్లు వినాలి. ఉచితంగా వినేవారివైతే ఆరువందలు, పన్నెండువందలు. అంటే ఆ మార్పు తర్వాత ‘మిస్టర్ బ్రైట్‌సైడ్’ ఆ 100 స్థానాల్లో కనిపించిన ప్రతి వారమూ కొత్త పాటకు రెట్టింపు విన్నట్టు. కాలికి బండరాయి కట్టుకుని పరుగెత్తడమే అది. దీన్ని నేను కాదనలేను.

దీనికి మరో వైపు కూడా ఉంది. అమెరికాలో ఇదే పాటకు ఇలాంటి రికార్డు లేదు. అక్కడ 20 వారాలు గడిచిన పాట 50వ స్థానం కిందికి జారితే చార్టులోంచి తీసేసే నిబంధన ఎన్నో ఏళ్లుగా ఉంది. అదే పాట, అదే గొంతు. ఒక దేశంలో 400 వారాలు, ఇంకో దేశంలో తలుపు మూసేశారు. అలాంటప్పుడు ఆ 400 వారాలు పాట గొప్పతనమా, బ్రిటన్ నిబంధన చలవా?

శ్రావణమేఘం

తలుపు మూసినంత మాత్రాన పాట ఆగలేదు. నేను మిషిగన్‌లో చదువుకున్నాను. అక్కడి విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ మైదానంలో లక్షమందికి పైగా పడతారు. మ్యాచ్ మధ్యలో ఈ పాట వేస్తారు. కాసేపటికి సంగీతం ఆపేస్తారు, జనం ఆపరు. లక్ష గొంతులు వాద్యం లేకుండా పాడుకుంటూ పోతాయి. చలిలో నిలబడి ఆ శబ్దం విన్నవారు ఇది బ్రిటన్ నిబంధన చలవ అనరు.

నిబంధనలు పాటల్ని దాచేసిన సందర్భాలు అమెరికాలో పాతవే. 1998 డిసెంబరు వరకు, సింగిల్‌గా దుకాణానికి రాని పాటకు హాట్ 100లో చోటే లేదు. నో డౌట్ బృందం వారి ‘డోంట్ స్పీక్’ రేడియో చార్టులో 16 వారాలు ఒకటో స్థానంలో ఉంది. హాట్ 100లో మాత్రం ఒక్క వారం కూడా కనిపించలేదు. దేశమంతా ప్రతి కారులోనూ మోగిన పాట ఆ పట్టికలో లేనే లేదు! గూ గూ డాల్స్ బృందం వారి ‘ఐరిస్’ రేడియోలో 18 వారాలు మొదటి స్థానం. నిబంధన సడలించాక హాట్ 100లో 9 దాకా చేరింది. అప్పటికి ఆ పాట ఉద్ధృతి తగ్గిపోయింది.

లెక్కలవాడు గారూ, మీరు అందరికీ ఒకే గీత అన్నారు. ఆ గీతను గీసినవాడు ఎవరు, ఏ సంవత్సరంలో గీశాడు అన్నదాన్ని బట్టే ఎవరు ముందో తేలుతోంది.

పాతరేడియో

అంతే కాదు, ‘మిస్టర్ బ్రైట్‌సైడ్’కు అమెరికాలో 10వ స్థానం వచ్చింది కూడా గీత జరిగినందువల్లనే కావచ్చు. డౌన్‌లోడ్ అమ్మకాలను హాట్ 100లో కలిపింది 2005 ఫిబ్రవరిలో. ఆ జూన్‌లోనే పాట 10కి చేరింది. కంప్యూటర్‌లో పాటలు కొనే కాలేజీ పిల్లల గొంతు అప్పుడే మొదటిసారి ఆ చార్టుకు వినపడింది.

సముద్రపుగాలి

అందరికీ కృతజ్ఞతలు. నా మాటను కొంత మార్చుకుంటున్నాను. ‘అతి పెద్ద’ అన్న మాటను వదిలేస్తాను. లెక్కలవాడు గారి గీతలుపడిన రికార్డు ఉదాహరణకు నా దగ్గర జవాబు లేదు. 1984 నాటి కుర్రవాడి వెయ్యిసార్లు ఎవరి పట్టికలోనూ లేవు, ఇక రావు.

అయితే ఒకటి మాత్రం వదులుకోను. ఒకటో స్థానం రాకపోవడాన్ని ఈ పాటకు ఒక లోటుగా చెప్పకండి. ‘వండర్‌వాల్’ విషయం చూడండి. 1995లో దాన్ని 2వ స్థానంలో ఆపింది రాబ్సన్, జెరోమ్ అనే ఇద్దరు టీవీ నటులు పాడిన పాత పాట. ఆ వారం ఆ నటుల డిస్కు కొన్నవారి ఇష్టం అబద్ధం కాదు. వారిని నేను తక్కువ చేయను. కానీ ఆ రెండు పాటల్లో ఈరోజు వీధి మలుపులో గిటారు పట్టుకున్న కుర్రవాడు దేన్ని వాయిస్తున్నాడు? దీనికి కూడా విజయం అని పేరు పెట్టుకోవద్దా?

లెక్కలవాడు

పేరు పెట్టుకోండి, నేను అడ్డురాను. చార్టు విజయం అనకండి, పాట విజయం అనండి. రెండింటినీ కలిపినప్పుడే నాకు పేచీ.

ఒక ప్రశ్న అడుగుతాను. 2009 లాగా అభిమానులంతా కలిసి ఒక వారం ఈ పాటను ఒకటో స్థానానికి ఎక్కిస్తే? అసాధ్యమేమీ కాదు. కేట్ బుష్ 1985లో పాడిన పాట ఒకటి, ఒక టీవీ సీరియల్‌లో వినిపించిన పుణ్యాన 2022 జూన్‌లో బ్రిటన్‌లో ఒకటో స్థానం చేరింది. పాత పాటల సగం లెక్క నుంచి దానికి మినహాయింపు కూడా ఇచ్చారు. వామ్ వారి ‘లాస్ట్ క్రిస్మస్’ 36 ఏళ్లు ఆగి 2021 జనవరి 1న ఆ స్థానం అందుకుంది.

నాలుగుతీగలు

వద్దండీ. ‘లాస్ట్ క్రిస్మస్’ ఒకటో స్థానానికి వెళ్లేదాకా, ఒకటో స్థానం దక్కని పాటల్లో పెద్దది అన్న పేరు దానిదే. ఎక్కిన రోజునే ఆ పేరు పోయింది. ఇప్పుడు కిల్లర్స్ అభిమానులు ఉత్సాహపడి డబ్బు పోగేసి ఈ పాటను పైకి నెట్టారంటే ఆ పేరు తిరిగి ‘వండర్‌వాల్’కు వెళ్తుంది. ఒక్క వారం సింహాసనం కోసం అది ఇవ్వాలా? నేనైతే ఇవ్వను.

మంచుదారి

శనివారం ఇక్కడ మా సహోద్యోగి పెళ్లి విందు ఉంది. పాట ఎన్ని గంటలకు వేశారో వచ్చి రాస్తాను.